అందరికీ సమముగా వినబడు సభ
గ్రామసభలలో, జాతరలలో మైకు గొట్టముల అమరిక

గ్రామసభలో మాట్లాడు హక్కు ప్రతి ఓటరుకును కలదు. ఆ హక్కు సార్థకము కావలెనన్న, జరుగుచున్న మాట ముందుగా ఆతని చెవికి స్పష్టముగా చేరవలెను. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము, 2018 ప్రకారము ప్రతి రెండు నెలలకు ఒకమారైనను గ్రామసభ జరుపవలసియున్నది. పన్నుల లెక్క, పనుల పట్టిక, లబ్ధిదారుల జాబితా అచ్చటనే చదువుదురు. చదివినది వెనుక వరుసలకు చేరనిచో, కాగితముపై ఆమోదము దొరకును గాని గ్రామము యొక్క సమ్మతి దొరకదు.

సాధారణముగా మన గ్రామములలో జరుగునది ఇది. టెంటు హౌసు వారు రెండు గొట్టములను తెచ్చి వేదిక కొసలకు కట్టుదురు. ముందు కూర్చున్న పిల్లలు చెవులు మూసికొందురు. వెనుక వేపచెట్టు క్రింద కూర్చున్న స్త్రీలకు శబ్దము వినబడును గాని మాట తెలియదు. తెలియని మాటను ఎంతసేపు విందురు? తమలో తాము మాట్లాడుకొందురు. అప్పుడు వేదికపై నున్నవారు "శబ్దము పెంచుడు" అందురు. ముందువారికి బాధ హెచ్చును. వెనుకవారికి గోల మాత్రము హెచ్చును.

నిజామాబాదు, బోధన ప్రాంతపు సభలలో "చెరకు" అను మాటయు, "చెరువు" అను మాటయు తరచుగా వచ్చును. ఈ రెండింటికిని భేదము చివరి రెండక్షరములే. చెరకు బకాయి గూర్చి చెప్పినది చెరువు మరమ్మతు అని వినబడినచో చర్చ దారి తప్పును. "పదిహేనవ తేదీ" అన్నది "పదిహేడవ తేదీ" అని వినబడినచో దరఖాస్తు గడువు దాటిపోవును. కావున ధ్వని అమరిక వేడుక కొరకు చేయు అలంకారము కాదు. అది పంచాయతీ పనిలో ఒక భాగము. దీనిని పంచాయతీ సభ్యులు స్వయముగా లెక్కవేసి, మైకు సెట్టు వారికి చెప్పి చేయించుటకు తగినంత జ్ఞానమును ఈ పాఠములో అందించుచున్నాము.

కాల్వ నీరు, సభలోని ధ్వని

మంజీర నదిపై అచ్చంపేట వద్ద 1923 నుండి 1931 వరకు నిజాంసాగరము నిర్మింపబడెను. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూరు ఆ పనికి ప్రధాన ఇంజనీరు. ఆ నీటి వలననే బోధన ప్రాంతమున చెరకు పెరిగెను. చెరకు వలన శక్కర్‌నగరములో నిజాం చక్కెర కర్మాగారము 1937లో వెలసెను. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. దాని భవితవ్యమును గూర్చి రైతులు, కార్మికులు జరిపిన సభలు అనేకములు.

కాల్వ క్రింద సేద్యము చేయువారికి ఒక సంగతి బాగుగా తెలియును. తూము దగ్గర ఎంత నీరు వదలినను, పంపిణీ సరిగా లేనిచో ఎగువ పొలము మునుగును, చివరి పొలము ఎండును. అట్టి స్థితిలో తూమును మరింత ఎత్తుట పరిష్కారము కాదు. పిల్లకాల్వలు త్రవ్వి, మడి మడికి కొలతగా నీరు పారించవలెను. ధ్వని విషయమును ఇంతే. వేదిక వద్ద శబ్దమును పెంచుట తూము ఎత్తుట వంటిది. గొట్టములను ఎత్తుగా, వంపుగా, దూరమున నడుమ నడుమ అమర్చుట పిల్లకాల్వలు త్రవ్వుట వంటిది.

దూరముతో ధ్వని తగ్గు లెక్క

ధ్వని బలమును డెసిబెల్లులలో కొలుతురు. మామూలుగా మాట్లాడు మనుష్యుని కంఠము ఒక మీటరు దూరమున సుమారు 60 డెసిబెల్లులు. ఆరుబయట ఒక చోటి నుండి వెలువడు ధ్వని, దూరము రెట్టింపు అయిన ప్రతిసారియు 6 డెసిబెల్లులు తగ్గును. ఒక మీటరు నుండి 2, 4, 8, 16, 32 మీటర్ల వరకు ఐదు రెట్టింపులు. అనగా 30 డెసిబెల్లుల తగ్గుదల. మైకు లేకుండ మాట్లాడిన 60 డెసిబెల్లుల మాట 32 మీటర్ల యొద్ద 30 డెసిబెల్లులకు దిగి, ఊరి సహజ శబ్దములో మునిగిపోవును.

మాట స్పష్టముగా తెలియవలెనన్న అది చుట్టుప్రక్కల శబ్దము కంటె 10 నుండి 15 డెసిబెల్లులు పైన నుండవలెను. నిశ్శబ్దముగా నున్న ఊరిలో చుట్టుశబ్దము 50 డెసిబెల్లులు అనుకొందము. అప్పుడు వెనుక వరుసకు 65 డెసిబెల్లులు చేరిన చాలును. చెరకు బండ్లు, ట్రాక్టర్లు పోవు రోడ్డు ప్రక్క అయినచో చుట్టుశబ్దమే 60 దాటును. అచ్చట 75 కావలసివచ్చును. కావున సభాస్థలమును ఎన్నుకొనుటయే మొదటి పని. రోడ్డు నుండి దూరముగా నున్న బడి ఆవరణము, రోడ్డు ప్రక్కనున్న విశాలమైన మైదానము కంటె మేలు.

ఇప్పుడు గొట్టము శక్తిని చూతము. మంచి గొట్టము ఒకటి, ఒక వాటు విద్యుత్తుతో ఒక మీటరు దూరమున సుమారు 105 డెసిబెల్లుల ధ్వని నిచ్చును. 32 మీటర్ల యొద్ద 30 తగ్గగా 75 మిగులును. అనగా ఒక్క వాటుతోనే చివరి వరుసకు చాలినంత ధ్వని చేరుచున్నది! మాటలో హెచ్చుతగ్గులు ఉండును గావున పది, పన్నెండు రెట్లు నిలువ ఉంచుకొనవలెను. అయినను 15 వాట్లు సరిపోవును. గ్రామసభలో వాట్ల కొరత అరుదు. పంపిణీ కొరతయే మెండు.

ఇంకొక సూత్రము గుర్తుంచుకొనదగినది. వాట్లను రెట్టింపు చేసినచో హెచ్చునది 3 డెసిబెల్లులే. చెవికి ధ్వని రెట్టింపు అయినట్లు తోచవలెనన్న సుమారు పది రెట్లు వాట్లు కావలెను. కావున పెద్ద ఆంప్లిఫయరునకు అద్దె హెచ్చుగా ఇచ్చుట కంటె, రెండు గొట్టములను, రెండు గుంజలను అదనముగా తెప్పించుట లాభకరము.

ఎత్తు, వంపు

ఒక గ్రామసభను ఉదాహరణగా తీసికొందము. స్థలము వెడల్పు 20 మీటర్లు, లోతు 32 మీటర్లు. గొట్టము వేదిక మీద మనిషి ఎత్తున ఉన్నది. దానికి 2 మీటర్ల దూరమున మొదటి వరుస, 32 మీటర్ల దూరమున చివరి వరుస. దూరము 16 రెట్లు. అనగా నాలుగు రెట్టింపులు. భేదము 24 డెసిబెల్లులు. వెనుకవారికి 65 అందించినచో ముందువారికి 89 తగులుచున్నది. వెనుకవారికి 75 అందించినచో ముందువారికి 99.

ఇప్పుడు అదే గొట్టమును 5 మీటర్ల ఎత్తున గుంజకు కట్టుదము. నేలపై కూర్చున్నవారి చెవి ఎత్తు సుమారు 80 సెంటీమీటర్లు. గుంజకు 3 మీటర్ల దూరమున కూర్చున్నవారికి గొట్టము సుమారు 5 మీటర్ల దూరమున ఉండును. చివరివారికి 32 మీటర్ల పైచిలుకు. దూరము ఆరు రెట్లకు తగ్గినది. భేదము 16 డెసిబెల్లులకు దిగినది. ఒక్క గుంజ వలన 8 డెసిబెల్లుల లాభము కలిగినది.

ఇంకను లాభము కలదు. గొట్టము తన ముఖము ఎదుట బలముగా పలుకును. ప్రక్కలకు బలహీనముగా పలుకును. ముఖమును చివరి వరుసలవారి వైపు కొంచెము వంచి కట్టినచో, క్రింద ముందు కూర్చున్నవారు దాని సూటి నుండి తప్పుకొందురు. వారికి అందు ధ్వని ఇంకను తగ్గును. దూరపువారికి సూటి, దగ్గరివారికి ప్రక్క: ఇదియే సమముగా పంచుటలోని రహస్యము. గొట్టమును ఆకాశము వైపు చూచునట్లు కట్టుట పొరపాటు. ఆ ధ్వని సభికులను దాటి ప్రక్క ఊరికి పోవును.

రెండు గొట్టములను ప్రక్కప్రక్కన ఒకే దిక్కునకు కట్టుటయు సరి కాదు. రెండింటి ధ్వనియు ఒకే చోట కలిసి, కొన్ని స్వరములను హెచ్చించి, కొన్నిటిని చంపును. ఒక దాని పరిధి ముగియు చోట రెండవదాని పరిధి ఆరంభమగునట్లు వాటి ముఖములను విసనకఱ్ఱ ఆకులవలె విడదీసి కట్టవలెను. తీగలలో ధన, ఋణ కొసలను తారుమారు చేసినను నడుమ కూర్చున్నవారికి ధ్వని సన్నగిల్లును. అన్ని గొట్టములకును ఒకే రంగు తీగ ఒకే కొసకు తగిలించినచో ఈ దోషము రాదు.

నడుమ గొట్టములు, ఆలస్యపు ధ్వని

సభ లోతు 20 మీటర్లు దాటినచో నడుమ రెండవ వరుస గొట్టములు అవసరము. పై ఉదాహరణములో వేదిక నుండి 16 మీటర్ల దూరమున, రెండు ప్రక్కలను ఒక్కొక్క గుంజ పాతి, వెనుక వైపునకు ముఖము పెట్టి గొట్టములను కట్టవలెను. అప్పుడు ఒక్కొక్క జత 16 మీటర్లకే బాధ్యత వహించును. ముందు జత శబ్దమును తగ్గించవచ్చును. వెనుక జత తలక్రిందుగా, అనగా వేదిక వైపు ముఖము పెట్టి, ఎన్నడును కట్టరాదు.

ఇచ్చట ఒక మెలకువ కావలెను. విద్యుత్తు తీగలో క్షణములో పరుగెత్తును. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 345 మీటర్లు మాత్రమే నడచును. నడుమ గొట్టము దగ్గర కూర్చున్నవానికి ముందుగా ఆ గొట్టపు మాట వినబడి, తరువాత వేదిక గొట్టపు మాట వచ్చును. దూరము 16 మీటర్లు అయినచో ఆలస్యము సెకనులో వేయింట 46 వంతులు. వేయింట 50 వంతుల లోపల వచ్చిన రెండవ ధ్వనిని మన చెవి మొదటి దానితో కలుపుకొనును. అది దాటినచో మాట రెండుగా చీలి ప్రతిధ్వని వలె తోచును. 50 మీటర్ల ఎడముగా గొట్టములు కట్టిన ఊరేగింపులలో ఒక మాట మీద ఒక మాట పడుచు ఏమియు తెలియకపోవుటకు కారణమిదే.

జర్మనీ దేశీయుడగు హెల్ముట్ హాస్ ఈ విషయమును శోధించి 1949లో వెల్లడించెను. మొదట చేరిన ధ్వని ఏ దిక్కు నుండి వచ్చునో, వక్త ఆ దిక్కుననే యున్నట్లు చెవి భావించునని ఆయన చూపెను. దీని నాధారముగా లండనులోని సెయింట్ పాల్ మహామందిరములో 1950 దశకపు ఆరంభమున పార్కిన్ అను శాస్త్రజ్ఞుడు గొట్టములకు బదులు పొడవైన కంబపు స్పీకర్లను నిలిపి, దూరపు వాటికి మాటను కొంచెము ఆలస్యముగా పంపించు ఏర్పాటు చేసెను. ప్రతిధ్వనులతో నిండిన ఆ మందిరములో మాట స్పష్టమయ్యెను.

నేడు ఆలస్యమును కల్పించు పరికరములు చిన్న పెట్టెలలో, మిక్సరులలో దొరకుచున్నవి. పెద్ద సభలకు మైకు సెట్టు మాట్లాడునప్పుడు "డిలే ఉన్నదా?" అని అడుగవలెను. లెక్క సులభము. రెండు వరుసల నడుమ దూరమును మీటర్లలో కొలిచి 345 చేత భాగింపవలెను. వచ్చిన కాలమునకు వేయింట 10 నుండి 15 వంతులు కలుపవలెను. 35 మీటర్లకు సుమారు వేయింట 101 వంతులు, కలిపినచో 115. ఆ పరికరము లేనిచో గొట్టముల వరుసల నడుమ ఎడమును 15 మీటర్లకు మించనీయరాదు.

కంబములు, వ్రేలాడు పెట్టెల వరుసలు

నిజామాబాదు పట్టణములో జరుగు పెద్ద సభలకు, సంగీతోత్సవములకు నేడు ఒకదాని క్రింద ఒకటిగా పెట్టెలను గొలుసులవలె వ్రేలాడదీయుట కానవచ్చుచున్నది. దీనిని లైన్ అరే అందురు. ఒక నిలువు గీతగా అమర్చిన స్పీకర్లు కలిసి ఒకటిగా పలికినచో, ధ్వని పైకి, క్రిందికి వృథాగా పోక ముందునకు సాగును. ఆ గీతకు దగ్గరి ప్రదేశములో దూరము రెట్టింపు అయినను 3 డెసిబెల్లులే తగ్గును. 1992లో ఫ్రాన్సు దేశీయులగు క్రిస్టియన్ హైల్, మార్సెల్ ఉర్బాన్ దీని నియమములను వివరించిన పిమ్మట ఈ పద్ధతి లోకమంతట వ్యాపించెను.

అయితే పొడవు లేనిదే ఈ గుణము రాదు. మాటలోని హల్లులు స్పష్టముగా తెలియుటకు ముఖ్యమైన 2000 హెర్ట్జుల స్వరమును తీసికొందము. మూడు మీటర్ల పొడవు గల వరుస ఈ లాభమును సుమారు 26 మీటర్ల వరకు ఇచ్చును. ఒక మీటరు పొడవు గల కంబము మూడు మీటర్ల లోపలనే ఆ లాభమును కోల్పోవును. గంభీర స్వరములకు ఇంకను తక్కువ. రెండు చిన్న పెట్టెలను ఒకదానిపై నొకటి నిలిపి లైన్ అరే అని చెప్పి ఎక్కువ అద్దె అడిగినచో పంచాయతీ వారు మోసపోరాదు. చిన్న కంబపు స్పీకరునకు వేరొక మంచి గుణము కలదు: అది ధ్వనిని కప్పునకు, నేలకు తగులనీయక సభికుల మీదికే పంపును. గదులలో అది మిక్కిలి ఉపయోగకరము.

రైతు వేదికలలో, రేకుల షెడ్డులలో

2020, 2021 సంవత్సరముల ప్రాంతమున మన రాష్ట్రమున రైతు వేదికలు నిర్మింపబడినవి. బోధన, వర్ని, కోటగిరి, రుద్రూరు ప్రాంతముల రైతులు అచ్చట పంట సలహాలు విందురు. గట్టి గోడలు, నున్నని నేల, రేకు కప్పు గల గదిలో ధ్వని బంతివలె ఎగిరి పడుచుండును. ఒక అక్షరము చల్లారక ముందే రెండవది వచ్చి దానిపై పడును. అచ్చట శబ్దము పెంచిన కొలది ప్రతిధ్వనియు పెరుగును, స్పష్టత పెరుగదు.

ఇట్టి గదులలో గొట్టము పనికిరాదు. రెండు ప్రక్క గోడలకు చిన్న కంబపు స్పీకర్లను కూర్చున్నవారి తలకు కొంచెము ఎత్తున కట్టి, తక్కువ శబ్దముతో వాడవలెను. వెనుక గోడకు మందమైన తెరలు గాని, జంబుఖానాలు గాని వ్రేలాడదీసినచో ప్రతిధ్వని తగ్గును. మనుష్యులే ధ్వనిని బాగుగా పీల్చుకొందురు. ఖాళీ గదిలో పరీక్షించినప్పుడు చెడుగా వినబడినను, నిండిన సభలో కొంత మేలగును. ఆంప్లిఫయరులో గంభీర స్వరముల బిరడాను తగ్గించుట మాటకు మేలు చేయును. గంభీర స్వరములు బరువు నిచ్చును గాని, మాట తెలియజేయునవి హల్లులు.

మైకు కూత

మైకు కూయుటకు కారణము సుబోధకము. గొట్టపు ధ్వని మరల మైకులో పడి, పెరిగి, మరల గొట్టములోనికి పోవుటయే ఆ కూత. కావున మైకు ఎల్లప్పుడు గొట్టములకు వెనుక నుండవలెను. వక్త మైకునకు దగ్గరగా మాట్లాడవలెను. నోటికి, మైకునకు ఎడము రెట్టింపు అయినచో 6 డెసిబెల్లులు పోవును. దానిని పూరించుటకు బిరడా త్రిప్పినప్పుడే కూత పుట్టును. వేదికపై నాలుగు మైకులు తెరచియుంచినచో కూత త్వరగా వచ్చును. మాట్లాడువాని మైకు తప్ప తక్కినవి మూసియుంచవలెను. సభలోని వారు ప్రశ్న వేయుటకు ఒక మైకును గుంపులోనికి పంపుట మంచి ఆచారము. వెనుక కూర్చున్న స్త్రీల యొద్దకు అది మొదట పోవుట ఇంకను మంచిది. ఆ మైకు గొట్టము ముందునకు పోవును గావున, అప్పుడు శబ్దమును కొంత తగ్గించవలెను.

తీగలో పోవు శక్తి

దూరపు గొట్టములకు సన్నని తీగ వేసినచో శక్తి తీగలోనే పోవును. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ 100 మీటర్లు పోయి తిరిగి వచ్చుటకు సుమారు 3.5 ఓములు అడ్డుపడును. 8 ఓముల గొట్టమునకు దానితో శక్తిని పంపినచో నూటికి 30 వంతులు తీగలోనే వేడిగా మారును. రెండు గొట్టములు కలిపి 4 ఓములు అయినచో సుమారు సగము పోవును. అందుచేత దూరపు అమరికకు ఆంప్లిఫయరు వెనుక నున్న 100 వోల్టుల కొసను, ట్రాన్సుఫార్మరు గల గొట్టములను వాడవలెను. 30 వాట్ల గొట్టములు నాలుగింటిని అట్లు కలిపినచో అదే తీగలో నష్టము నూటికి 4 వంతులే.

ఇట్లు చేయునప్పుడు గొట్టముల వాట్ల మొత్తము, ఆంప్లిఫయరు శక్తిలో నూటికి 80 వంతులకు మించనీయరాదు. 100 వోల్టుల తీగ ప్రాణాపాయము కలిగించగలదు గావున అతుకులను చక్కగా చుట్టి, నేలపై వదలక ఎత్తున పోనీయవలెను. గొట్టములను గాని తీగలను గాని కరెంటు స్తంభములకు కట్టరాదు. వానకాలములో ఆంప్లిఫయరునకు ఎర్తు తప్పనిసరి.

నదీతీరము, గుట్ట, రాత్రి గాలి

రెంజల్ మండలములోని కందకుర్తి వద్ద గోదావరి, మంజీర, హరిద్ర నదులు కలియును. 2015 జూలైలో జరిగిన గోదావరి పుష్కరములు మరల 2027లో రానున్నవి. స్నానఘట్టము పొడవుగా, ఇఱుకుగా నుండు స్థలము. అచ్చట ఒక కొసన పెద్ద గొట్టము పెట్టుట వ్యర్థము. తక్కువ శబ్దము గల చిన్న గొట్టములను 12, 15 మీటర్లకు ఒకటి చొప్పున, అన్నియు ఒకే దిక్కునకు ముఖము పెట్టి, మెట్ల మీదికి వంచి కట్టవలెను. తప్పిపోయిన బిడ్డ గుర్తులు చెప్పుటకును, "లోతునకు పోవలదు" అని హెచ్చరించుటకును స్పష్టమైన మాట ప్రాణాధారము. వరద హెచ్చరికకును ఇదే అమరిక పనికివచ్చును.

భీమ్‌గల్ సమీపమున లింబాద్రి గుట్టపై కార్తీకమాసమున నృసింహస్వామి ఉత్సవములు జరుగును. చలికాలపు రాత్రులలో ధ్వని నడక వేరు. పగలు నేల వేడెక్కియుండుటచే ధ్వని పైకి వంగి, దూరపువారికి తగ్గును. రాత్రి నేల చల్లబడి పైగాలి వెచ్చగా నుండుటచే ధ్వని క్రిందికి వంగి చాల దూరము పోవును. పగలు సరిపోయిన శబ్దము రాత్రి పొరుగూరి రోగిని నిద్ర లేపును. అందుచే సాయంకాలము తరువాత శబ్దమును మరల సరిచూచి తగ్గించవలెను.

చట్టము, చెవుల ఆరోగ్యము

శబ్ద కాలుష్య నియమములు, 2000 ప్రకారము లౌడు స్పీకరునకు సంబంధిత అధికారి యొద్ద వ్రాతమూలకమైన అనుమతి పొందవలెను. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట వాడరాదు. పండుగ, సాంస్కృతిక సందర్భములలో ప్రభుత్వము సంవత్సరమునకు 15 రోజులకు మించకుండ అర్ధరాత్రి 12 వరకు సడలింపు నీయవచ్చును. సుప్రీంకోర్టు 2005 జూలైలో ఈ రాత్రి నిషేధమును సమర్థించెను. ఆసుపత్రి, పాఠశాల, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్లను ప్రభుత్వము నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటింపవచ్చును.

నివాస ప్రాంతమునకు పగటి పరిమితి 55 డెసిబెల్లులు. లౌడు స్పీకరు వాడు బహిరంగ స్థలపు ఎల్ల వద్ద దీనికి 10 మించరాదు, అనగా 65. నిశ్శబ్దమైన ఊరిలో చివరి వరుసకు కావలసినది 65 అని పైన చూచితిమి. కావున ధ్వనిని సమముగా పంచినచో వినుటకును, చట్టమునకును వైరము లేదు. ముందువారికి 89 తగులునట్లు అరపించినప్పుడే వైరము పుట్టును.

చెవికిని ఒక హద్దు కలదు. 85 డెసిబెల్లులను దినమునకు 8 గంటలు మించి వినరాదని ఆరోగ్య నిపుణుల సూచన. 3 డెసిబెల్లులు పెరిగిన కొలది కాలము సగమగును. 100 డెసిబెల్లుల యొద్ద 15 నిముషములే. ఊరేగింపులో డీజే పెట్టెల ముందు చిందులు వేయు బాలుని చెవి గంటలో పొందు హాని మరల మానునది కాదు. లోపలి చెవిలోని సన్నని రోమకణములు ఒకసారి చచ్చినచో తిరిగి మొలవవు.

పది మాటల పరీక్ష

సభకు అరగంట ముందు ఈ పరీక్ష జరుపవలెను. వేదికపై నుండి ఒకరు పది మాటలను వరుస మార్చి చదువవలెను: చెరకు, చెరువు, పదిహేను, పదిహేడు, మూడు, నూరు, వంద, మంద, కట్ట, గట్టు. ముందు, నడుమ, వెనుక, రెండు ప్రక్కలు, స్త్రీలు కూర్చుండు చోటు: ఈ ఆరు తావులలో ఆరుగురు నిలిచి విన్నది వ్రాసికొనవలెను. వారిలో ఒక వృద్ధుడు ఉండుట మేలు. తొమ్మిదికి తక్కువ సరిగా వచ్చిన చోట గొట్టపు ముఖమును, వంపును మార్చవలెను. శబ్దపు బిరడా త్రిప్పుట చివరి ఉపాయముగా నుండవలెను.

సంగ్రహముగా చెప్పవలెనన్న: గొట్టమును 5 మీటర్ల ఎత్తున కట్టుట, ముఖమును చివరి వరుస వైపు వంచుట, 15 మీటర్లకు ఒక వరుస నిలుపుట, అంతకు మించినచో ఆలస్యపు పరికరము వాడుట, అన్నిటిని ఒకే దిక్కునకు త్రిప్పుట, దూరపు తీగకు 100 వోల్టుల కొసను వాడుట, సభకు ముందు మాటల పరీక్ష జరుపుట.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామసభ స్థలము పొడవు, వెడల్పు ఎంత? గొట్టములు ఇప్పుడు ఎంత ఎత్తున ఉన్నవి?

2. చివరి వరుసలో ఎవరు కూర్చుందురు? గడచిన సభలో చదివిన తీర్మానము వారికి తెలిసినదా?

3. స్థలమునకు 100 మీటర్ల లోపల బడి గాని, ఆసుపత్రి గాని కలదా? ఉన్నచో గొట్టముల వెన్ను ఆ వైపునకు త్రిప్పుట సాధ్యమా?

4. ప్రతి సభకు అద్దె ఇచ్చుటకు బదులు, నాలుగు చిన్న గొట్టములు, ఒక ఆంప్లిఫయరు పంచాయతీ స్వంతముగా కొన్నచో ఎన్ని సంవత్సరములలో ఆ వ్యయము తీరును?

వచ్చు గ్రామసభలో సభ్యులు ఒకరు వేదిక దిగి, చివరి వరుసలో, చెట్టు క్రింద కూర్చున్న వారి నడుమ పది నిముషములు కూర్చుండి వినవలెనని మా మనవి. అచ్చట జాబితాలోని ప్రతి పేరును, ప్రతి అంకెయును స్పష్టముగా తెలిసినచో, ఆ సభలో జరిగిన తీర్మానము గ్రామమంతటి తీర్మానము అగును.